ఐదో చుట్టు

నవంబర్ 3

ఇది కొలతల పుస్తకం. ముందు పేజీల్లో ఈ వీధివాళ్ళ భుజాలూ నడుములూ ఉన్నాయి. ఎవరు ఏ ఏడు లావయ్యారో నాకు తెలిసినంత వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. వెనక పేజీలు మాత్రం ఖాళీ. యుద్ధం మొదలయ్యాక కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు లేరు కాబట్టి అవి ఖాళీగానే ఉండిపోయేట్టున్నాయి. వాటిలో నేను రెండు ముక్కలు రాసుకుంటే అడిగేవాళ్ళు లేరు. అక్క చదవాలంటే కళ్ళజోడు కావాలి. అది ఎక్కడ పెట్టిందో తనకే తెలియదు.

నిన్న సైన్యం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అక్టోబర్ 11 నుంచి ఆ ఊరికి దారులు మూసుకుపోయాయట. అక్కడి ఆసుపత్రి సిబ్బంది ఆచూకీ తెలియడం లేదట. నా కూతురు అమ్మడు అక్కడే నర్సుగా పనిచేస్తోంది. తెలిసిన వెంటనే తెలియజేస్తారట.

అక్క ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆచూకీ తెలియడం లేదంటే మనిషి లేదని కాదు. కత్తెర కనపడకపోతే కత్తెర లేదంటామా, బల్ల కింద వెతుకుతాం.

ఇవాళ పదకొండు కోట్లు బాగుచేశాం.

నవంబర్ 4

పదమూడు కోట్లు.

నవంబర్ 7

షాపులో ఇప్పుడు ముగ్గురం. కత్తిరింపూ బొత్తాలూ నావి, కాజాలు అక్కవి, ఇస్త్రీ ఇస్త్రీ ఆయనది. గాయపడ్డ సైనికుల కోట్లను ఈ ఊరి ఆసుపత్రిలో ఉతికి సంచుల్లో పంపిస్తారు. ఒక్కో కోటుకీ నంబరు రాసిన గుడ్డ చీటీ కట్టి ఉంటుంది. చిరుగులు కుట్టి, ఊడిన బొత్తాలు వేసి మేం తిరిగి పంపాలి. ఆ ఆసుపత్రిలో మా కోట్లకి మంచి పేరుంది. ముప్ఫై ఏళ్ళుగా ఈ వీధిలో నా కుట్టు ఊడిందన్న మాట లేదు. ఈ మాట నేను గొప్పకి రాసుకోవడం లేదు, ఉన్నది రాస్తున్నాను.

మధ్యాహ్నం బ్యాంకు మేనేజరు గారు తన బూడిదరంగు కోటు తెచ్చారు. ఐదు బొత్తాల్లో పైనుంచి రెండోది ఊడింది. మిగతా నాలుగూ రాయిలా ఉన్నాయి. కోటు విప్పేటప్పుడు అక్కడ పట్టుకుని లాగి ఉంటారు, మనుషులకి వస్తువుల మీద శ్రద్ధ తగ్గిపోయింది. కొత్తది వేసి ఇచ్చాను. ఆయన ఏదో అనబోయి ఊరుకున్నారు.

ఆ రెండో బొత్తాం సంగతి నాకు గుర్తుంది. ఇక్కడ రాయను.

నవంబర్ 8

తొమ్మిది కోట్లు. ఇస్త్రీ ఆయన ఒకదాని కాలరు కాల్చాడు. అడిగితే "మీ మొహం చూస్తూ ఇస్త్రీ చేశాను మాస్టారూ, అందుకే" అన్నాడు.

నవంబర్ 12

రాయనన్నాను కానీ రాస్తాను.

బొత్తాం బట్టకి అతుక్కుపోకూడదు. కాస్త ఎత్తుగా నిలబడాలి. అందుకు దాని కింద దారాన్ని ఐదు చుట్లు చుట్టి మెడలాగా చేస్తాం. కుడిచేతివాళ్ళు కుడికి చుడతారు. నాది ఎడమచెయ్యి, నేను ఎడమకి చుడతాను. అమ్మడు తొమ్మిదో ఏట నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని పని నేర్చుకుంది. దానిది కుడిచెయ్యి. అయినా నన్ను చూసి ఎడమకే చుట్టేది. నాలుగు చుట్లదాకా పళ్ళ బిగువున లాక్కొచ్చేది. ఐదో చుట్టుకి ఆ చెయ్యి ఇక మాట వినేది కాదు. సూదిని మెడలోంచి గుచ్చి, కుడికి తిప్పి బిగించేసేది. నాలుగు ఎడమకి, ఒకటి కుడికి. ప్రపంచంలో ఏ దర్జీ కుట్టని కుట్టు.

నేను పీకేసేవాణ్ణి. మళ్ళీ కుట్టేది. మళ్ళీ అదే. పన్నెండేళ్ళు ఇదే తంతు.

పోయిన ఏప్రిల్లో బ్యాంకు మేనేజరు గారు ఆ బూడిదరంగు కోటు కోసం వచ్చి నిలబడ్డారు. బొత్తాలు అమ్మడు వేసింది. రెండో బొత్తాం తిప్పి చూశాను. ఆయన ముందే కత్తెరతో దాన్ని కోసి అమ్మడి అరచేతిలో పెట్టాను. "నీది కాని చేత్తో కుట్టకు. రాకపోతే రాదని చెప్పు" అన్నాను. ఆ బొత్తాం నేనే వేశాను. మిగతా నాలుగూ మార్చడానికి ఆయనకి తీరిక లేదు.

అమ్మడు ఆ బొత్తాం బల్లమీద పెట్టి లేచింది. నెల తిరక్కముందే యుద్ధం ఆసుపత్రిలో చేరతానని కాయితం మీద సంతకం పెట్టి వచ్చింది. దానికి నర్సు చదువు ఉంది, వాళ్ళకి నర్సులు కావాలి, పిలిచారు, వెళ్ళింది. బొత్తాం కోసం ఎవరూ యుద్ధానికి వెళ్ళరు.

వెళ్ళే రోజు గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తా నాన్నా" అంది. నా నోట్లో గుండుసూదులున్నాయి. పనిలో ఉన్నప్పుడు పళ్ళమధ్య నాలుగు గుండుసూదులు ఉండడం మామూలే. మాట్లాడితే గొంతులోకి పోతాయి. అందుకని తలూపాను.

నవంబర్ 13

తలూపింది అది చూసిందో లేదో.

నవంబర్ 18

అమ్మడు వెళ్ళాక మూడు ఉత్తరాలు రాసింది. అక్క జవాబు రాసి, "నువ్వూ ఒక ముక్క రాయరా" అని కాయితం నా ముందుకి తోసేది. మూడుసార్లూ కింద "అంతా క్షేమం" అని రాశాను. క్షేమంగానే ఉన్నాం కదా.

నవంబర్ 24

ఇది ఇవాళే రాసి పెట్టాలి.

ఇవాళ వచ్చిన సంచిలో ఎనిమిదో కోటు. కుడిచెయ్యి చిరిగింది, జేబు ఊడింది. బొత్తాలు సరిచూస్తుంటే మూడోది వేళ్ళకి తేడాగా తగిలింది. తిప్పి చూశాను. నాలుగు చుట్లు ఎడమకి. ఐదోది కుడికి.

అక్కని పిలిచాను. కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక వేలితో తడిమి చూసింది. "ఒరేయ్, ఇది మన అమ్మడి కుట్టు కదరా" అంది. ఆ కోటు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఇస్త్రీ ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు.

దారం మామూలు దారం కాదు. గాయాలు కుట్టే నల్ల పట్టుదారం. ఆసుపత్రిలో మరేం దొరుకుతుంది. లైనింగ్ తిప్పి చూస్తే కోటు కుట్టిన చోట వేసిన ముద్ర ఉంది, నవంబర్ 2 అని. అమ్మడి ఆచూకీ లేదని వాళ్ళు చెప్పింది అక్టోబర్ 11 నుంచి. నవంబర్లో కుట్టిన కోటుకి అక్టోబర్లో బొత్తాం వేయలేరు కదా. అంటే ఈ నెలలోనే వేసింది. ఇది లెక్క కాదు, నా కళ్ళముందు బల్లమీద ఉంది.

బతికుంది. పనిచేస్తోంది. ఈ యుద్ధంలో కూడా పిచ్చి ఐదో చుట్టు మానలేదు. ఆ బొత్తాన్ని నేను పీకలేదు.

నవంబర్ 25

సైన్యం ఆఫీసుకి వెళ్ళాను. పొద్దుటినుంచి మూడింటిదాకా బెంచీమీద కూర్చోబెట్టారు. అక్కడి గుమాస్తా నేను తెచ్చిన కోటు చూసి, నన్ను చూసి, "ఒక బొత్తాం తెచ్చి మనిషి బతికుందంటారా పెద్దాయనా" అన్నాడు. నన్ను పెద్దాయనా అన్నాడు. అతని చొక్కాకే మెడ కింద బొత్తాం దారానికి వేలాడుతోంది.

"ఆ చొక్కా ఎవరు కుట్టారు?" అన్నాను.

"ఎందుకు?"

"మీ దర్జీ కుడిచేతివాడు. మూడే చుట్లు వేశాడు, అదీ తొందరలో. బహుశా పెళ్ళి ఆర్డరు అయ్యుంటుంది. అవునా?"

అతను వంగి తన చొక్కా చూసుకున్నాడు. "మా పెళ్ళికే కుట్టించాం" అన్నాడు.

జేబులోంచి సూదీదారం తీసి అక్కడే నిలబెట్టి వేశాను. కదలొద్దంటే కదలలేదు. అయిపోయాక అతను కోటు చీటీ మీదున్న నంబరు రాసుకున్నాడు. ఆ ఊరికి దారి తెరుచుకుందని, గాయపడ్డవాళ్ళని ఇక్కడి ఆసుపత్రులకే తెస్తున్నారని, సిబ్బంది లిస్టు ఇంకా రాలేదని చెప్పాడు. "ఈ కోటు ఎవరిదో కనుక్కుని కబురు చేస్తాను మాస్టారూ" అన్నాడు. మాస్టారూ అన్నాడు.

డిసెంబర్ 1

ఇంకో రెండు కోట్లు వచ్చాయి. రెంటికీ అదే కుట్టు. ఒకదానికి ఐదు బొత్తాలూ అలాగే ఉన్నాయి. ఎంత పని చేస్తోందో చూడండి. చూడండి అని ఎవరికి రాస్తున్నానో నాకే తెలియదు.

అక్క అమ్మడి గది తుడిచి దుప్పట్లు ఎండేసింది. నేను దాని స్టూలు కాలు బిగించాను. ఎప్పటినుంచో ఊగుతోంది.

డిసెంబర్ 3

నాలుగో కోటు. చుట్లు అవే, కానీ దారం లాగిన బిగువు వేరుగా ఉంది. బాగా వదులు. అక్కడ చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి కదా.

డిసెంబర్ 6

మొత్తం ఏడు. ఏడోదాని చుట్లు లావుగా, మొరటుగా ఉన్నాయి. కట్టెలు కొట్టే చేత్తో కుట్టినట్టున్నాయి. వేళ్ళు వాచాయేమో. మంచు పడే చోట వేళ్ళు వాస్తాయని ఎక్కడో చదివాను.

అక్క కోట్లు వరసగా పరిచి వేళ్ళతో తడిమింది. "అన్నీ ఒకే చెయ్యేనంటావా?" అని అడిగింది.

"నీకు కళ్ళు కనపడవు" అన్నాను.

"నేను వేళ్ళతో చూశానురా."

కోట్లన్నీ మడతపెట్టేశాను. ఆవిడకి అన్నీ అనుమానాలే.

డిసెంబర్ 9

గుమాస్తా కబురు చేశాడు. మొదటి కోటు ఒక లారీ డ్రైవరుది. ఈ ఊళ్ళోనే, పెద్దాసుపత్రి రెండో అంతస్తులో ఉన్నాడు.

వెళ్ళాను. వచ్చాను.

డిసెంబర్ 10

డ్రైవరుకి ఇంకా జ్వరం తగ్గలేదు. జ్వరంలో మనుషులు ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెబుతారు. తేదీలు తారుమారవుతాయి.

పదకొండు కోట్లు.

డిసెంబర్ 11

అక్క అడిగింది. అతను నిద్రపోతున్నాడని, మాట్లాడలేదని చెప్పాను. ఇరవై కోట్లు చేశాను, ఒక్కణ్ణే.

డిసెంబర్ 13

ఇవాళ అక్కకి చెప్పాను. చెప్పినట్టే ఇక్కడా రాస్తాను. రాయకపోతే రేపు మళ్ళీ అతనికి జ్వరమని రాస్తాను, నా సంగతి నాకు తెలుసు.

డ్రైవరుకి జ్వరం లేదు. నలభై ఏళ్ళుంటాయి. ఎడమకాలు మోకాలి కింద లేదు. కిటికీ పక్క మంచం మీద కూర్చుని చొక్కా కాలరు కుట్టుకుంటున్నాడు. అతని వేళ్ళు ఒక్కోటి నా రెండు వేళ్ళంత ఉన్నాయి. దర్జీనని, ఆ ఊరి ఆసుపత్రిలో మా అమ్మాయి పనిచేసేదని చెప్పగానే సూది ఆపేశాడు.

"ఎడమచేతి మాస్టారు మీరేనా?" అన్నాడు.

నా గురించి అతనికి ఎలా తెలుసని అడిగాను.

"మీ గురించి తెలియనివాళ్ళు మా గదిలో ఎవరూ లేరండీ. సిస్టరమ్మ రోజూ చెప్పేది. కూర్చోండి."

కూర్చున్నాను. అతను చెప్పింది ఇది. దారులు మూసుకుపోయాక ఆసుపత్రిని భవనం కిందున్న గోడౌనులోకి మార్చారు. నలభై మంది గాయపడ్డవాళ్ళు, ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు. మందులు అయిపోయాయి. పడుకున్నవాళ్ళు గోడలవంక చూస్తూ ఒక్కొక్కరే మాట మానేస్తున్నారు. మాట మానేసినవాళ్ళు తిండి కూడా మానేస్తున్నారు. అప్పుడు మా అమ్మడు వాళ్ళ కోట్లన్నీ పోగేసి, చేతులు ఆడేవాళ్ళందరినీ కూర్చోబెట్టి, గాయాలు కుట్టే దారం ఇచ్చి బొత్తాలు వేయమంది.

"నేనూ చెయ్యనన్నాను. బండి నడిపే చెయ్యి ఇది, సూది పట్టదు అన్నాను. 'మా నాన్న చెయ్యి ఎడమ, నాది కుడి. నాకే వచ్చింది, నీకు రాదా' అంది. పట్టించింది. మొదటి మూడు పీకేసింది కూడా. పీకేటప్పుడు నవ్వేది, 'మా నాన్నయితే ఏడుసార్లు పీకేవాడు, నేను మంచిదాన్ని' అనేది."

కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"రోజూ కూర్చునేవాళ్ళం. ఒకడు కుడితే ఒకడు తప్పు పట్టేవాడు. కొట్టుకునేదాకా వెళ్ళేది. మనుషులు మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టారు. 'నాలుగు చుట్లు మా నాన్నవి, ఐదోది నాది, రెండూ కలిస్తే ఊడదు' అని చెప్పేది. ఊడదండీ, నిజంగానే. మేం లాగి చూసేవాళ్ళం, పందెం వేసుకుని. బట్టే చిరిగింది కానీ బొత్తాం రాలేదు."

అప్పుడు నేను నా జేబులోంచి కోటు చీటీ తీసి చూపించాను. నవంబర్ ముద్ర గురించి అడిగాను. అది అడగడానికే వెళ్ళాను.

అతను కుడుతున్న చొక్కా మడిచి పక్కన పెట్టాడు. "కొత్త కోట్లు విమానం మీదనుంచి పడేశారండీ, నవంబర్లో. మిషన్ మీద వేసిన బొత్తాలు, రెండోరోజుకే ఊడిపోయాయి. మళ్ళీ మేమే వేసుకున్నాం, ఆవిడ నేర్పినట్టు. అప్పటికి ఆవిడ లేరు. అక్టోబర్ 29న పొద్దున నీళ్ళకి వెళ్ళారు. పెరట్లో పంపు ఉంది. ఆ రోజు వంతు ఆవిడది కాదు, ఆ రెండో సిస్టరమ్మకి బాగాలేదు. పంపు దగ్గర గుండు పడింది. నేను ఆ మూల ఉన్నాను, చూశాను. బాధ పడలేదండీ, అంత టైము కూడా లేదు" అన్నాడు.

అన్నీ ఒకే చెయ్యేనా అని అక్క అడిగింది. కాదని నాకు నాలుగో కోటుకే తెలుసు. ముప్ఫై ఏళ్ళు కుట్టినవాడికి చెయ్యి తెలియకపోవడం ఉండదు. వదులుగా వేసినది ఎవరిదో, లావుగా వేసినది ఎవరిదో, నాకు తెలియనట్టు రాసుకున్నాను. మొదటి కోటు కూడా దానిది కాదు, ఈ డ్రైవరుది. అందులో బిగువు కాస్త బాగుంది, అంతే. నేను అమ్మడిది అనుకోవాలనుకున్నాను.

అక్కకి చెబుతున్నంతసేపూ ఆవిడ కాజా కుడుతూనే ఉంది. చెప్పడం అయిపోయాక దారం తుంచింది. "నలభై మందికి నేర్పిందా?" అంది.

"ఇరవై ఆరుగురికి. మిగతావాళ్ళకి చేతులు బాగాలేవు."

"ఇరవై ఆరుగురికి" అంది అక్క. "నువ్వు ముప్ఫై ఏళ్ళలో ఎంతమందికి నేర్పావురా?"

ముగ్గురికి. అందులో ఇద్దరు పారిపోయారు. ఆ మాట చెబితే అక్క ఏడుస్తూనే నవ్వింది. ఆ తర్వాత ఇద్దరం షాపు తలుపు వేసి చాలాసేపు ఏడ్చాం.

డిసెంబర్ 14

ఆ రోజు నా నోట్లో గుండుసూదులు లేవు.

అది "వెళ్ళొస్తా నాన్నా" అన్నప్పుడు నా చేతిలో చాక్ ఉంది, నోరు ఖాళీగానే ఉంది. మాట్లాడడానికి అడ్డేమీ లేదు. నేనే తలెత్తలేదు. తలూపాను అని కూడా రాశాను. తలూపలేదు. బల్లమీద బట్ట వంక చూస్తూ నిలబడ్డాను. అది వెళ్ళాక కూడా అలాగే నిలబడ్డాను. గీసిన గీత వంకరపోయింది, ఆ బట్ట పాడైంది. దాన్ని పైకప్పు కింద అటకమీద దాచాను, ఎవరూ అడగకుండా.

డిసెంబర్ 17

ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. అమ్మడిని ఎదురుగా కూర్చోబెట్టాను. నా చెయ్యి చూసి అలాగే చేసింది. పక్కన కూర్చోబెట్టి, నీది కుడిచెయ్యి తల్లీ, నువ్వు కుడికి చుట్టుకో అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పన్నెండేళ్ళు ఆ మాట నాకు తట్టలేదు. నాలాగే కుట్టాలని పీకి పీకి కుట్టించాను.

కానీ ఆ మాట చెప్పి ఉంటే ఐదో చుట్టు పుట్టేది కాదు.

ఇవాళ రెండు గుడ్డముక్కల మీద రెండు బొత్తాలు పరీక్షించాను. ఒకటి నేను వేసింది. ఒకటి ఏడో కోటు మీద ఎవరో మొరటు వేళ్ళవాడు వేసింది, గుడ్డతో సహా కత్తిరించాను, తర్వాత అతుకు వేస్తాను. ఇస్త్రీ ఆయన ఇస్త్రీపెట్టెని ఒకదాని తర్వాత ఒకదానికి వేలాడదీశాడు. నాది నలభై లెక్కపెట్టేలోపు వదిలింది. ఆ ఐదో చుట్టు నాలుగింటినీ ఎదురు పట్టి బిగిస్తుంది, వాటిని వదులు కానివ్వదు. అమ్మడి కుట్టు మేం టీ తాగి వచ్చేదాకా వేలాడుతూనే ఉంది.

"మాస్టారూ, ఇస్త్రీపెట్టె దింపనా, అలాగే ఉండనివ్వనా?" అన్నాడు.

ఉండనివ్వమన్నాను. దాని పక్కనే కూర్చుని పని చేసుకున్నాను.

డిసెంబర్ 20

తనిఖీ ఆవిడ వచ్చింది. సైన్యం పంపిన మనిషి, బూట్లు టకటకలాడించుకుంటూ వస్తుంది, కోట్లు తిప్పి చూసి చీటీ మీద ముద్ర వేస్తుంది. ఏడు కోట్లూ చూసి మొహం చిట్లించింది.

"ఇదేం కుట్టు మాస్టారూ? మా కాయితంలో ఐదు చుట్లూ ఒకే వైపు అని ఉంది. ఇవి మీ షాపువేనా?"

"మా షాపువే" అన్నాను.

"తప్పుగా ఉన్నాయి."

"లాగండి."

లాగింది. గట్టిగా లాగింది. కాలు బల్లకి తన్ని కూడా లాగింది. బొత్తాం రాలేదు, ఆవిడ గోరు విరిగింది. పక్కనున్న కోటు చూపించి అది కూడా లాగమన్నాను. అది కాయితం ప్రకారం నేను వేసిన బొత్తాం. రెండో గుంజుకి వచ్చేసింది. నా బొత్తాం ఊడి నేలమీద దొర్లుతుంటే నాకు జీవితంలో మొదటిసారి సిగ్గు వేయలేదు.

"ఎవరు నేర్పారు ఇది?" అంది, బొత్తాం ఏరుకుంటూ.

"మా అమ్మాయి. మీ ఆసుపత్రిలో ఇరవై ఆరుగురు సైనికులకి నేర్పింది. నేను పన్నెండేళ్ళు పీకి కుట్టించినా నేర్పలేని పనిని పదిహేను రోజుల్లో నేర్పింది" అన్నాను.

ఆవిడ ఏరిన బొత్తాం నా అరచేతిలో పెట్టింది. అన్ని చీటీల మీదా ముద్ర వేసి వెళ్ళింది.

డిసెంబర్ 28

ఆఫీసు నుంచి రెండో ఉత్తరం. అందులోనూ అక్టోబర్ 29 అనే ఉంది. గుమాస్తానే స్వయంగా తెచ్చి ఇచ్చాడు. చొక్కా బొత్తాం గట్టిగానే ఉంది.

జనవరి 4

డ్రైవరు షాపుకి వచ్చాడు, చంకలో కర్రలతో. ఆసుపత్రి నుంచి పంపించేశారట. బండి ఇక నడపలేడు. "ఖాళీగా కూర్చోలేకపోతున్నాను మాస్టారూ, ఏదైనా పని చెప్పండి" అన్నాడు.

"పని తర్వాత. ముందు నువ్వు నాకు నేర్పాలి" అన్నాను.

నవ్వులాట అనుకున్నాడు. కాదని చెప్పి అమ్మడి స్టూలు తెచ్చాను. అతను అలవాటుగా నా ఎదురుగా వేయబోయాడు. ఎదురుగా వద్దు, పక్కన వెయ్యి అన్నాను. పక్కన వేసుకుని కూర్చున్నాడు, భుజానికి భుజం తగిలేట్టు.

నాలుగు చుట్లు నాకు నిద్రలో కూడా వస్తాయి. ఐదోదానికి కుడికి తిప్పాలి. నా ఎడమచెయ్యి తిరగనంది. వంకరపోయింది. అతను దారం చూసి, కాస్త జంకి, "పీకెయ్యండి మాస్టారూ, మళ్ళీ" అన్నాడు. పీకాను. మళ్ళీ. మళ్ళీ పీకాను. అక్క కాజాలు ఆపి చూస్తూ కూర్చుంది. ఇస్త్రీ ఆయన మాత్రం తల తిప్పుకుని నవ్వాడు, భుజాలు కదలడం చూశాను.

ఏడోసారి కుదిరింది. ఏడుసార్లు. లెక్క అమ్మడికి ముందే తెలుసు.

జనవరి 6

బ్యాంకు మేనేజరు గారికి కబురు పంపి ఆ బూడిదరంగు కోటు తెప్పించాను. ఆయనే తొడుక్కుని వచ్చారు. షాపులో అప్పుడు డ్రైవరు, అక్క, ఇస్త్రీ ఆయన, కోట్లు తెచ్చిన ఆసుపత్రి మనుషులు ఇద్దరూ ఉన్నారు. అందరూ ఉన్నప్పుడే చేయాలనుకున్నాను. ఏప్రిల్లో కూడా మనుషులు ఉన్నారు.

కత్తెర తీసి రెండో బొత్తాం కోశాను. మొన్న నవంబర్లో నేను వేసినదే. ఆయన కంగారుగా చూశారు.

"ఆ రోజు మీ ముందు మా అమ్మాయిది తప్పు కుట్టు అన్నాను" అన్నాను. "తప్పు నాది. ఆ అమ్మాయి వేసిందే సరైనది. ఇప్పుడు అదే వేస్తున్నాను, కదలకుండా నిలబడండి."

ఆయన కదలలేదు. నేను చుట్లు తిప్పుతుంటే మెల్లగా అన్నారు, "ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు మాస్టారూ. నవంబర్లో ఊడింది మీ బొత్తామే. అమ్మాయివి నాలుగూ ఊడలేదు. ఆ ఉత్తరం వచ్చిన వారమే కదా అని చెప్పలేకపోయాను."

తల ఎత్తి ఆయన వంక చూశాను. ఈసారి నోట్లో నిజంగానే రెండు గుండుసూదులున్నాయి. తీసి బల్లమీద పెట్టి, "ఇప్పుడు చెప్పారు కదా, చాలు" అన్నాను.

ఐదో చుట్టు కుడికి తిప్పి బిగించాను. ఆయన కోటు బొత్తాలు పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డారు. అక్క కళ్ళజోడు ఎక్కడ దొరికిందో పెట్టుకుని వచ్చి ఒక్కొక్కటే చూసింది. ఐదూ ఒక్కలాగే ఉన్నాయి.